కుడిపక్క ఖాళీ

మిర్యాలగూడ
15 జూన్ 2025

చిన్నాయినకు,

ఉత్తరం చూసి పరేషాన్ కాకు. ఊర్ల అందరు మంచిగనే ఉన్నరు. ఫోన్ చేస్తే చిన్నమ్మ ఎత్తి, నా మాట నీకు చేతుల్తోని చెప్పి, నువ్వన్నది మళ్ల నాకు చెప్తది. మొన్న నేను బొమ్మలు నేర్చుకుంట అంటే, బొమ్మలు ఏ పిల్లలకు కొనాలె అని నువ్వు అడిగినవంట. అందుకే ఇగ రాస్తున్న.

ఉగాదికి ముందు స్కూటీ మీదికెళ్లి పడ్డ గదా. మణికట్టుల వేసిన ప్లేటు అట్లనే ఉంది. కట్టు విప్పిండ్రు గానీ వేళ్లు నా మాట వింటలేవు. నేను లాబ్‌ల రక్తం తీసేదాన్ని కదా, సూది పడితే చెయ్యి వణుకుతుందని నన్నిప్పుడు దవాఖాన ముంగట కౌంటర్ల కూసోబెట్టిండ్రు. పేర్లు రాసుకునుడు, టోకెన్లు ఇచ్చుడు. చెయ్యి కుదురుకోకుంటే ఇగ నా గతి కౌంటరే. ఎముకల డాక్టరేమో వేళ్లతోని సన్నపని ఏదన్న రోజూ చెయ్యి, కుట్లో అల్లికలో అన్నడు. అవి నాతోని కావు.

మనింట్ల నువ్వు హైదరాబాద్‌ల చదువుకునే రోజులల్ల చేసిన నల్లగీతల బొమ్మ ఉన్నది. గుట్ట, గొర్లు, ఈతచెట్లు. చిన్నగున్నప్పుడు దాని మీద వేలు పెట్టి, ఏ గీత ఏడ మొదలై ఏడికి పోతుందో చూసేదాన్ని. నాకు అట్ల చెట్లు, చేన్లు గీసుడు నేర్పు. నాయినకు చెప్తే, వాడు బళ్లె పిల్లలకు నేర్పి నేర్పి యాష్టకొచ్చి ఉంటడు, మళ్ల నీకు నేర్పుతడా అన్నడు.

యాష్టకొచ్చినవా, జర చెప్పు.

నీ బిడ్డ
సంగీత

◆

కోదాడ
23 జూన్ 2025

బిడ్డ సంగీతకు,

యాష్టకొచ్చింది పిల్లలతోని కాదు, రిటైరైన కాడ్నుంచి ఖాళీగ కూసునుడుతోని. నీ ఉత్తరం వంటపనిల ఉన్న మీ చిన్నమ్మకు రెండుసార్లు చదివి వినిపించిన. నా గొంతు నాకే వినబడదు గాబట్టి గట్టిగ చదివిననంట, పక్కింటోళ్లు తొంగి చూసిండ్రంట.

ముందుగాల ఆ బొమ్మ సంగతి చెప్త. దాన్ని ఎచ్చింగ్ అంటరు. రాగిరేకు మీద మైనం పూస్తం. ఆ మైనంల సూదితోని గీస్తం. రేకును యాసిడ్ల పెడితే గీసినకాడ మాత్రమే తింటది. ఆ సన్నటి గాడిల సిరా నింపి, తడి కాగితం పెట్టి ఒత్తితే బొమ్మ అచ్చు పడ్తది. సూదికి రంగులు తెల్వవు, గీత ఒక్కటే తెలుసు. నలుపు కావాలంటే గీతలు దగ్గరికి రావాలె. వెలుగు కావాలంటే దూరం జరగాలె. అంతకన్న మర్మం ఏం లేదు. నీకు రాగిరేకు అక్కరలేదు, సన్నమొన పెన్నుతోని అదే పద్ధతిల గీద్దువు.

పెన్సిలు వద్దు, రబ్బరు వద్దు. తప్పు పోతే పోనీ, దాని పక్కనే ఇంకొకటి గియ్యి. నీళ్లతోని గానీ వేలితోని గానీ రుద్ది నీడ తెచ్చుడు మన పద్ధతి కాదు.

మొదటి నెల చెట్ల జోలికి పోకు. కాగితం మీద చిన్న చిన్న గళ్లు కొట్టుకో. ఒక గడిల గీతలు ఎడంగ, పక్క గడిల జర దగ్గరగ, ఆ పక్కది ఇంకా దగ్గరగ. తర్వాత వాటి మీద అడ్డంగ ఇంకో వరుస. పొడుగు గీతకు భుజం కదలాలె, పొట్టి గీతకు వేళ్లు. నీ డాక్టరు చెప్పిన పని పొట్టి గీతలల్లనే ఉంటది.

ఫోన్ల ఫోటో పంపకు. గీతలన్ని అలుక్కపోయి మసి లెక్క కనబడ్తయి. అసలు కాగితమే పోస్టుల పంపు.

మీ చిన్నాయిన
వీరమల్లు

◆

మిర్యాలగూడ
6 జూలై 2025

చిన్నాయినా,

గళ్లు పంపుతున్న. మొదటి పేజీ చూసి నవ్వకు. మా దవాఖానల ఊడ్చే జమ్లీ అది చూసి, కాగితానికి చెదలు పట్టింది పారేయమంటవా అన్నది. ఆఖరి పేజీ చూసి, ఇది చీర అంచు లెక్క ఉందన్నది. అంటే జర ముందుకు పోయినట్టే అనుకుంటున్న.

నువ్వు వద్దన్నా ఒక చెట్టు గీసిన. దవాఖాన వాకిట్ల వేపచెట్టు, ఆటోలు ఆపే కాడ ఉంటది. ఆకు ఆకు గీసుకుంట పోయిన. ఒక్క కొమ్మ అయ్యేసరికి లంచ్ టైం ఖతం. చూస్తే చెట్టు లెక్క లేదు, దువ్వెనలు కట్టగట్టి వేలాడదీసినట్టుంది. మొద్దుకేమో నిలువు గీతలు గీస్తే కరెంటు స్తంభం అయ్యింది. ఏడ తప్పిందో చెప్పు.

చెయ్యి పొద్దుగాల బిగుసుకపోయి ఉంటది. ఒక పేజీ గీసినంక వదులైతది. కౌంటర్ల కూసునుడు మాత్రం నాకు నచ్చుతలేదు. నా సీట్ల కొత్త పిల్లను పెట్టిండ్రు, మంచిదే పాపం. ఆమె సూది గుచ్చితే లోపల్నించి పిల్లల ఏడుపు వినబడ్తది, నా చెయ్యి దానంతటదే లేవబోతది.

చిన్నమ్మ మోకాళ్లు ఎట్లున్నయి?

సంగీత

◆

కోదాడ
15 జూలై 2025

సంగీతకు,

మోకాళ్లు అట్లనే ఉన్నయి, నోరు మాత్రం మంచిగుందని మీ చిన్నమ్మే రాయమన్నది.

గళ్లు బాగున్నయి. వణుకు మూడో పేజీ దాక ఉంది, తర్వాత తగ్గింది. వణికిన గీతను పారెయ్యకు, చెట్టు బెరడుకు అదే పనికొస్తది.

ఇగ నీ వేపచెట్టు. మొద్దు గుండ్రంగ ఉంటది గదా, గీత కూడ దాని చుట్టు తిరగాలె. గాజులు తొడిగినట్టు వంపు గీతలు వెయ్యి, వెలుగు పడ్డ వైపు మధ్యల తెంపు. అప్పుడు స్తంభం కాదు, మొద్దు అయితది. ఆకులు లెక్కపెట్టకు. కళ్లు సగం మూసి చూడు, చెట్టు ముద్దలు ముద్దలుగ కనబడ్తది. ఒక్కో ముద్దకు పైన వెలుగు, కింద నీడ. నీడ వైపే గీతలు దట్టంగ వెయ్యి. వెలుగు వైపు కాగితాన్ని వదిలెయ్యి, చూసేటోని కన్ను అక్కడ ఆకులను తనే పెట్టుకుంటది. దూరపు గుట్టకు సన్నపెన్ను, గీతలు ఎడం. దగ్గరి చెట్టుకు లావుపెన్ను. ఆకాశాన్ని ముట్టుకోకు.

ఈసారి ఊరికి పోయినప్పుడు మన చేను గియ్యి. గొర్లదొడ్డి కాడ నిలబడి గుట్ట వైపు చూస్తే ఎట్లుంటదో అట్ల. ఒక్కటే షరతు. ఉన్నది గియ్యి, లేనిది గియ్యకు. బాగుంటదని చెట్టు తెచ్చి పెట్టుడు, రెండు పిట్టలను ఎగరేసుడు వద్దు. నేను ఆ చేను చూసి మూడేండ్లయితుంది. చెవులు పోయినంక హైవే దాటుడంటే మీ చిన్నమ్మకు భయం, ఒక్కణ్ని పంపదు. నీ కాగితంల చూస్త.

వీరమల్లు

◆

మిర్యాలగూడ
10 ఆగస్టు 2025

చిన్నాయినా,

మన చేను బొమ్మ ఇందులనే ఉంది. మడత పడొద్దని అట్ట పెట్టి కట్టిన. రెండు ఆదివారాలు పట్టింది. గుట్టకు నువ్వు చెప్పినట్టు సన్నపెన్నే వాడిన. దొడ్డి కంచె నాకే నచ్చింది. గొర్లు మాత్రం మూటలు లెక్క వచ్చినయి, ఏం చేసినా కాళ్లు కుదురుతలేవు.

కుడిపక్క ఖాళీ ఎందుకుందో నువ్వే సమజ్ చేసుకుంటవు, నేను చెప్పుకునేటట్టు లేదు. కోపం చెయ్యకు.

ఊర్ల వానలు సరిగ్గ లేవు. గడ్డి లేక నాయిన గొర్లకు మండలు కొట్టుకొస్తుండు, రోజూ గొడ్డలి పట్టుకొనే పోతడు. హోటల్ నడిపే నాగేష్ ఇప్పుడు భూముల బేరాలు కూడ చేస్తుండు. సూర్యాపేట నుంచి ప్లాట్లు చేసేటోళ్లను తోలుకొచ్చి మన దిక్కు చేన్లన్ని చూపెట్టిండు. మా అమ్మ వాళ్లకు మజ్జిగ పోసింది. నేను గీస్తుంటే వాళ్లల్ల ఒకాయన వెనక నిలబడి చూసి, అమ్మా నువ్వు సర్వే డిపార్ట్‌మెంటా అన్నడు.

మొన్న మా లాబ్ సార్ నా చెయ్యి ముందుకు చాపించి చూసిండు. ఇంకో నెల చూద్దాం అన్నట్టు తలూపిండు.

బొమ్మ మీద తప్పులన్ని ఎర్రసిరాతోని రాసి పంపు.

సంగీత

◆

కోదాడ
18 ఆగస్టు 2025

సంగీతకు,

బొమ్మ అందింది. ఎర్రసిరాతోని రాసేది ఏం లేదు.

కుడిపక్క ఎందుకు ఖాళీ అయ్యిందో సమజైంది. నువ్వు ఉన్నది ఉన్నట్టు గీసినవు, నీ తప్పు లేదు. అక్కడుండాల్సిన చింతచెట్టు కిందనే మా అవ్వను, మీ నాయినమ్మను, మట్టిల పెట్టినం. పంపకం నోటిమాటగ అయిననాడు నేను మీ నాయినను ఒక్కటే అడిగిన. నా భాగం కూడ నువ్వే దున్నుకో, గొర్లు మేపుకో, అవ్వ మీది చెట్టును మాత్రం ముట్టకు అన్న. ఆయన సరే అన్నడు.

మీ నాయినకు వేరే ఉత్తరం రాసిన. నువ్వు మధ్యల పడకు. బొమ్మలు కొన్నాళ్లు ఆపుదాం.

వీరమల్లు

◆

మిర్యాలగూడ
31 ఆగస్టు 2025

చిన్నాయినకు,

చెట్టు ఉంది. ఎవ్వరు కొట్టలే. ఒక్క మండ కూడ తియ్యలే. నాయిన కొట్టేది తుమ్మమండలు, వాగు అవతల.

నేను గియ్యలే, అంతే. చింతాకు ఎంత సన్నగుంటదో నీకు తెలుసు. నువ్వు చెప్పినట్టు కళ్లు సగం మూసినా నాకు ముద్దలు కనబడలే. మూడు కాగితాలు ఖరాబ్ చేసినంక చెట్టును వదిలేసి మిగతాది గీసిన. లేనిది గియ్యకు అన్నవు గదా, ఉన్నది వదిలిపెడితే కూడ తప్పైతదని నాకు తోచలే. నాకు చెట్టు రాలేదు చిన్నాయినా, అదే చెప్పుకోలేకపోయిన.

ఇప్పుడేమైందో విను. నీ ఉత్తరం వచ్చిననాడు నాయిన హోటల్ కాడ ఉన్నడు. పోస్టాయన అక్కడే ఇచ్చిండు. అద్దాలు ఇంట్ల మరిచిపోయిండు. ఇటు తే నేను చదువుత అని నాగేష్ తీసుకొని, అందరు కూసున్నకాడ గట్టిగ చదివిండు. "అన్నా, అవ్వ మీది నీడను కూడ అమ్ముకున్నవా" అన్న కాడికి వచ్చినంక గూడ ఆపలే. నాయిన చాయ్ అట్లనే పెట్టి లేచి వచ్చిండంట. ఇంటికొచ్చి అమ్మతోని కూడ ఏం చెప్పలే. నాకు అమ్మే ఫోన్ చేసింది, అమ్మకు వేరేటోళ్లు చెప్పిండ్రు.

నేను పోయి అడిగితే, వాని భాగం వానికి కొలిచి ఇచ్చేస్త, ఇగ వాని చేను నాకొద్దు అన్నడు. సర్వే కోసం దరఖాస్తు పెట్టిండు. నేను చెట్టు ఫోటో తీసి నీకు పంపుత అంటే చెయ్యి పట్టుకొని ఆపిండు. "నా మాట నమ్మనోనికి ఫోటో ఎందుకు" అన్నడు.

దొడ్డిని కూడ గుట్ట అవతలికి మార్చిండు. నీ భాగంల గొర్లను కాలు పెట్టనిస్తలేడు.

రాసేముందు ఒక్కమాట నన్ను అడిగితే అయిపోయేది.

సంగీత

◆

కోదాడ
8 సెప్టెంబర్ 2025

సంగీతకు,

నీ ఉత్తరం మీ చిన్నమ్మ ముందుగాల చదివింది. చదివి నా ముంగట పెట్టి వంటింట్లకు పోయింది. ఆ రోజు నాకు అన్నం పెట్టింది గానీ చేతుల్తోని ఒక్క ముక్క మాట్లాడలే.

చెట్టు ఉందన్నవు, చాలు. తొందరపడ్డ. చెవులు వినబడనప్పటి నుంచి నేను కంటితోని చూసిందే నమ్ముతున్న. కాగితంల చెట్టు లేదు, ఉత్తరంల గొడ్డలి ఉంది, ప్లాట్లోళ్లు ఉన్నరు. మూడు కలిపి నేనే కథ అల్లుకున్న. మీ నాయినకు మళ్ల రాద్దామంటే ఈసారి ఎవరు చదువుతరో తెల్వదు. నువ్వు చెప్పు, వీరమల్లు తప్పుగ అనుకున్నడంట అని.

నువ్వు చెట్టు దగ్గర ఆగిపోయినవు గాబట్టి చింతచెట్టు సంగతి రాస్త. చింతకు ముద్దలు వేపకున్నట్టు విడివిడిగ ఉండవు, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటయి. అందుకని పైనుంచి మొదలుపెట్టకు. కింద నీడ కాడ మొదలుపెట్టు. కొమ్మలు ఆకులల్లకు దూరేకాడ కారునలుపు ఉంటది, అక్కడ గీతల మీద గీతలు మూడు దిక్కుల వెయ్యి. ఆ నలుపు కుదిరితే పైన ఆకులకు చిన్న చిన్న చుక్కగీతలు చాలు. కొమ్మల నడుమ ఆకాశం తునకలు వదులు, అవి లేకుంటే చెట్టుకు ఊపిరాడదు. మొద్దు మీద పగుళ్లు లోతుగుంటయి, నీ వణికిన గీతలు అక్కడ వాడు.

చెట్టు గీసి పంపు.

వీరమల్లు

◆

మిర్యాలగూడ
5 అక్టోబర్ 2025

చిన్నాయినకు,

నువ్వు అడిగిన సాక్ష్యం పంపుతున్న. చెట్టు గీసి పంపు అన్నవు గదా, నా మాట నమ్మకం కాలేదేమో అనుకున్న. పైనుంచి కింది దాక ఉంది చూసుకో. నాయిన ఫోటో వద్దన్నడు గానీ బొమ్మ వద్దనలే.

చానా ఆదివారాలు పట్టింది. నీడ కాడ్నుంచి మొదలుపెట్టుడు నిజమే, పని నడిచింది. నేను అక్కడ గోనెసంచి పరుచుకొని కూసుంటే నాయిన దూరంకెళ్లి చూసేటోడు, దగ్గరికి రాకపోయేది. ఒకనాడు వచ్చి వెనక నిలబడ్డడు. ఇది వానికేనా అన్నడు. ఆ అన్న. నువ్వు తప్పుగ అనుకున్నవని చెప్పిన. వినబడనట్టే గొర్లను అదిలించుకుంట పోయిండు.

పోయిన వారం సర్వేయర్ వచ్చిండు. గొలుసు పట్టి కొలిస్తే హద్దు చెట్టుకు, నాయినమ్మ గోరికి నడుమకెళ్లి పోయింది. గోరి నీ దిక్కు, చెట్టు మా దిక్కు. నాగేష్ కూడ వచ్చి చూస్తుండు. అన్నా, ఇప్పుడు చెట్టు లెక్క ప్రకారం నీదే, నీ ఇష్టం, కొట్టించుకున్నా అడిగేటోడు లేడు అన్నడు. రాళ్లు పాతుటానికి గుంతలు గూడ తీసిండ్రు. నాయిన ఆ గుంత కాడికి పోయిండు. తర్వాత పార తీసుకొని మట్టి మళ్ల గుంతల్నే వేసుకుంట, రాళ్లు వద్దు పొండి అన్నడు. సర్వేయర్ సంతకం కావాలె, అట్ల కుదరదు అంటే, అయితే దరఖాస్తు వాపస్ అన్నడు. ఎందుకని ఎవరు అడిగినా చెప్పలే.

ఇంకో సంగతి. బుధవారం నుంచి నన్ను మళ్ల లాబ్‌ల కూసోబెట్టిండ్రు. మొదటి రోజు ఒక ముసలవ్వ వచ్చింది, నరం దొరకదని ముందుగాలే చెప్పింది. దొరికింది. బయటికొస్తే జమ్లీ నీళ్లు తెచ్చిచ్చింది.

నమ్మకం కుదిరితే రాయి.

సంగీత

◆

కోదాడ
27 అక్టోబర్ 2025

బిడ్డ సంగీతకు,

చెట్టు గీసి పంపు అని రాసింది సాక్ష్యానికి కాదు, పాఠానికి. నువ్వు ఆగినకాడ ఆగిపోవద్దని. నాకు రాసుడు కూడ సరిగ్గ వస్తలేదనుకుంట, ఏం రాసినా వేరే తీరుగ అందుతుంది. అందుకే ఇగ రాయకుండ శుక్రవారం ఊరికి పోయిన.

మీ చిన్నమ్మ వస్తనన్నది, ఆ మోకాళ్లతోని వద్దన్న. సూర్యాపేట దాక బస్సు. హైవే కాడ ఒక ఆటో ఆయనకు కాగితం మీద రాసి చూపెట్టిన, నాకు చెవులు లేవు, దాటించు అని. చెయ్యి పట్టుకొని దాటించి, ఊరి దాక తనే తెచ్చిండు.

ఇంట్ల ఎవరు లేరు. మీ అమ్మ పత్తి చేన్ల కనబడ్డది, చేత్తోని చెట్టు దిక్కు చూపెట్టింది. నీ బొమ్మను అట్టతోని సహా సంచిల పెట్టుకపోయిన. చెట్టుకు ఎదురుంగ నిలబడి రెండు పక్కపక్కన పెట్టి చూసిన. ఎడమ కొమ్మ కింద ఇంకా నలుపు కావాలె. మిగతాది చెట్టే.

మీ నాయిన కిందనే కూసొని ఉన్నడు. నన్ను చూసి లేవలే. నేను పోయి పక్కన కూసున్న. అన్నా, చూడకుండ రాసిన, తప్పైంది అన్న. ఎంత గట్టిగ అన్ననో తెల్వదు, గొర్లు తలలెత్తి చూసినయి. ఆయన నా దిక్కు తిరగలే. అట్లనే మాట్లాడుడు మొదలుపెట్టిండు. మొఖం గుట్ట దిక్కు పెట్టిండు గాబట్టి పెదాలు చూసి సమజ్ చేసుకునే వీలు కూడ లేకపాయె. దవడ కదులుతుంది, చెయ్యి కదులుతుంది, అంతే కనబడ్తుంది. ఒకసారి కట్టెతోని గోరి దిక్కు చూపెట్టిండు. ఒకసారి తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు. వినబడ్తలేదు, ఇటు తిరుగు అందామనుకున్న. అనలే. ఆయనను ఆపబుద్ధి కాలే. అట్ల ఎండ చెట్టు కింద ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కు జరిగిందాక మాట్లాడిండు.

తర్వాత లేచి, నాకు చెయ్యి ఇచ్చి లేపిండు. చేన్లకెళ్లి రోడ్డుకు దగ్గరి దారి ఉంది. దాన్ని విడిచి నన్ను హోటల్ ముంగటికెళ్లి తీసుకపోయిండు, నా భుజం మీద చెయ్యి తియ్యకుండ. అక్కడ కూసోబెట్టి నాగేష్‌కు రెండు వేళ్లు చూపెట్టిండు. చాయ్ తాగినం. నాగేష్ నాతోని ఏదో అన్నడు, నేను వినబడదని చెవి చూపెట్టిన. బస్సు ఎక్కే దాక మీ నాయిన ఉన్నడు.

ఇంటికొచ్చినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. అంతసేపు ఏం చెప్పిండు? నన్ను తిట్టిండో, అవ్వ ముచ్చట చెప్పిండో, గొర్ల సంగతి చెప్పిండో. నేను మధ్యల తలూపిన కూడ, ఏడ ఊపొద్దో ఆడ ఊపిననేమో. నువ్వు పోయినప్పుడు మెల్లగ అడిగి రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ చెయ్యి కుదురుకుందని చదివి మీ చిన్నమ్మ పాయసం చేసింది. నీ పేరు మీద నేను తిన్న.

వీరమల్లు

◆

మిర్యాలగూడ
9 నవంబర్ 2025

చిన్నాయినా,

నిన్న ఊరికి పోయొచ్చిన. దొడ్డి మళ్ల పాతకాడికి వచ్చింది. నీ భాగంల గొర్లు మేస్తున్నయి. ఎడమ కొమ్మ కింద నలుపు వేసి కొత్త కాగితం పంపుతున్న, ఈసారి గొర్లకు కాళ్లు కూడ ఉన్నయి.

సాయంత్రం నాయిన దొడ్డి కంచె గుంజలకు మొన చెక్కుకుంట ఒక్కడే ఉంటే పక్కన కూసొని అడిగిన. చెట్టు కింద చిన్నాయినకు ఏం చెప్పినవ్ అని.

వానికి చెప్పుకున్న, నీకెందుకు అన్నడు.

నాయినా, ఆయనకు ఒక్క మాట వినబడలేదంట, ఏం చెప్పినవో కనుక్కొని రాయమన్నడు అన్న.

పని ఆపకుండనే అన్నడు, "నాకు తెల్వదా. వినబడేటట్టుంటే చెప్తుంటినా."

అంతే చిన్నాయినా. ఇంక అడగలే.

సంగీత